కోడలి కనుబొమ్మలు

మందుల షాపు నుంచి బర్నో ఇల్లు చేరేసరికి పెరుగు కుండ ఖాళీగా ఉంది. రాత్రి మాంసం కుడుముల మీదకి కావాలని ముందురోజే తోడు పెట్టి, పాత దుప్పటి చుట్టి, పొయ్యి వెనకాల దాచిపెట్టిన పెరుగు అది. కుండ అడుగున వేళ్ళతో ఊడ్చిన గీతలు మాత్రం మిగిలాయి.

ఎక్కడికి పోయిందని వెతకాల్సిన పనిలేదు. వాకిట్లో ద్రాక్షపందిరి కింద పెద్ద బల్ల మీద అత్తగారు హోసియత్ కాళ్ళు చాపుకుని కూర్చుంది. పెరుగంతా ఆవిడ నెత్తిన ఉంది. ఆవిడ నెత్తిన పట్టగా మిగిలింది మనవరాలు నఫీసా నెత్తిన ఉంది. ఇద్దరూ పుల్లగా వాసనేస్తూ, హాయిగా మల్బరీ పళ్ళు తింటున్నారు.

“అత్తయ్యా, అది వంటకి దాచాను.”

“వంటకి మళ్ళీ తోడు పెట్టుకో. ఇవాళ తలకి పెట్టుకోవాల్సిన రోజు.”

“కుడుముల మీదకి ఏం వెయ్యను?”

“ఉల్లిపాయ వెయ్యి. ఉల్లిపాయ ఉందిగా? ఆగాగు, మొత్తం వెయ్యకు, ఒకటి ఉంచు. నఫీసా నడినెత్తిన జుట్టు పలచగా ఉంది, రసం పట్టించాలి.”

ఆ ఇంట్లో వంటింటికీ ఒంటికీ మధ్య గోడ లేదు. బర్నో గుడ్లు తెస్తే పచ్చసొన జుట్టుకి, తెల్లసొన ముఖానికి పోయి, వంటకి పెంకులు మిగిలేవి. టీ కాచిన ఆకు కళ్ళ మీదకి, దోసకాయ చెక్కులు బుగ్గల మీదకి, ఖుబానీ పిక్కల నూనె మోచేతులకి. షాపులో తనకి సగం ధరకే క్రీములు ఇస్తారని బర్నో ఒకసారి ఒక డబ్బా తెచ్చి పెట్టింది. హోసియత్ మూత తీసి వాసన చూసి, “నోట్లో పెట్టుకోలేనిది ముఖానికెలా పూస్తాం పిల్లా?” అని దాన్ని పశువుల పాకలో ఆవు పొదుగుకి రాసింది. ఆవు పొదుగు ఇప్పుడు బర్నో చేతులకన్నా మెత్తగా ఉంటుంది.

ఇవన్నీ ఎలాగో సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఉస్మా.

కొత్తిమీర మడి పక్కన, పిల్లకాలువ గట్టున ఉస్మా ఆకు గుబురుగా పెరిగేది. మర్గిలాన్ ఊళ్ళో ఆ ఆకు లేని పెరడు లేదు, దాని రసం కనుబొమ్మలకి దిద్దుకోని ఆడదీ అరుదే. అయినా ఎవరూ రోజూ దిద్దుకోరు. పండక్కో పెళ్ళికో, మహా అయితే వారానికోసారి. ఈ ఏడు మంచు కరిగిన దగ్గర్నుంచీ హోసియత్‌కి మాత్రం రోజూ తెల్లారేసరికి కోడలి కనుబొమ్మలు కావాలి. ఆకు అరచేతుల మధ్య నలిపి పిండుతుంది. పిడి లేని టీ గిన్నె, పియాలాని బోర్లించి, దాని అడుగున ఉండే చిన్న గుంటలో ఆ రసం పడుతుంది. అగ్గిపుల్లకి దూది చుట్టి, ఎడం చేత్తో బర్నో గడ్డం పట్టుకుని, “కదలకు” అంటుంది.

రసం పూసినప్పుడు గడ్డిరంగులో ఉంటుంది. ఎండి, కడిగాక, పొద్దెక్కేకొద్దీ నల్లబడుతుంది. అందుకే బయల్దేరేటప్పుడు అద్దంలో ఏదీ సరిగ్గా తెలియదు. షాపులో గల్లా ముందు కూర్చుని, జనం తన ముఖం వంక వింతగా చూడడం మొదలుపెట్టాక తెలుస్తుంది.

కుడి బొమ్మ దాని చోట అది ఉంటుంది. ఎడమ బొమ్మ వేలెడు పైకి పోయి నుదుటి మీద కాపురం పెడుతుంది.

ఒక కనుబొమ్మ ఎగేసిన ముఖం ఎప్పుడూ ఎదుటివాళ్ళని అనుమానిస్తున్నట్టే ఉంటుంది. మొలల మందు కొనడానికొచ్చిన ఒక పెద్దమనిషి అడక్కుండానే, “నాక్కాదమ్మా, మా బావమరిదికి” అని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఒకావిడ దగ్గుమందు తీసుకుంటూ, “ధర విని నేను అలా చూడాలి గానీ, నువ్వు చూస్తావేం?” అని దెబ్బలాడింది. బర్నో ఓ రోజు పెన్సిలుతో కుడి బొమ్మని కూడా పైకి లేపి సమం చేసింది. అప్పుడు రెండూ కలిసి, ఎవరో చచ్చిపోయారన్న కబురు ఇప్పుడే విన్నట్టు ముఖం తయారైంది. షాపులో తనతో పనిచేసే అమ్మాయి నిజంగానే దగ్గరికొచ్చి భుజం తట్టి ఓదార్చింది.

“అత్తయ్యా, ఎడమది పైకి పోయింది,” అని సాయంత్రం మొరపెట్టుకుంటే ఒకటే జవాబు.

“నువ్వు కదిలావు.”

“నేను కదల్లేదు.”

“నువ్వు కదలకపోతే అదెందుకు పోతుంది? దానికి కాళ్ళున్నాయా? ఈ వీధిలో పెళ్ళికూతుళ్ళందరికీ ఈ చేత్తోనే దిద్దాను. మీ పిన్నత్తకి నేనే, వీధి చివర కుమ్రీకి నేనే. ఒక్కదానికి వంకర పోయిందేమో అడిగి చూడు. పెళ్ళికూతుళ్ళు బుద్ధిగా కూర్చుంటారు. నువ్వే కదిలావు.”

వద్దని ముఖం తిప్పుకోవచ్చు కదా అంటే, ఆ వీధిలో కోడలు అత్తగారి చేతి కింద నుంచి ముఖం తిప్పుకుంటే మర్నాటికల్లా ఆ కబురు పుట్టింటి గుమ్మం తొక్కుతుంది. బర్నో మొగుడు ఎర్కిన్‌తో చెప్పుకుందామని చూసింది.

“ఏమండీ, ఒకసారి నా ముఖం చూడండి.”

ఎర్కిన్ ఫోన్లోంచి తలెత్తాడు. “ఏం? బాగానే ఉంది.”

“కనుబొమ్మలు చూడండి.”

“చూశాను. రెండున్నాయి.”

బర్నోకి ఒళ్ళు మండిపోయింది. అయిదేళ్ళ నఫీసా నయం. అది తల్లి ఒళ్ళో కూర్చుని, ఎగిరిన బొమ్మకేసి చూస్తూ, “అమ్మా, పొద్దుణ్ణుంచీ ఏమడుగుతున్నావు?” అంది.

ఇంతలో వీధి చివర కుమ్రీ వాళ్ళింట్లో పెళ్ళి దగ్గరపడింది. పెద్దకూతురు మునీసా పెళ్ళి. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం ఆడపిల్లలంతా చేరి డోలక్ వాయిస్తూ పాడుకునే వేడుకలో, పెళ్ళికూతురికి ఉస్మా దిద్దడం హోసియత్ వంతు. ఇది ఎవరూ పిలిచి చెప్పేది కాదు, ఆవిడ ఉండగా ఇంకొకరి చేతికి పుల్ల ఇచ్చేదీ కాదు. పక్క వీధిలో ఇంకో హోసియత్ ఉంది కాబట్టి, తేడా తెలియడానికి ఈవిణ్ణి ‘ఉస్మా ఖాలా’, అంటే ఉస్మా పిన్ని, అనే పిలుస్తారు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న, బర్నో అత్తగారి ముందు కూర్చుంది. షాపుకి ఆలస్యమవుతోంది. పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు. గడ్డం మీద అత్తగారి బొటనవేలు, చెవిలో “కదలకు, కదలకు” అన్న పాట. తల ప్రాణం తోకకొచ్చింది. ముప్పయ్యేళ్ళు దాటిన మనిషి, ఒక బిడ్డ తల్లి, మందుల షాపులో గల్లా చూసే బాధ్యత గల ఉద్యోగి, అన్నీ మరిచిపోయి, జానెడు దూరంలో ఉన్న అత్తగారి ముఖానికేసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

వెక్కిరించాక గానీ ఏం చేసిందో తెలియలేదు. వీధి మలుపులో కోడళ్ళు పెదవి విరిస్తే ఇంట్లో కూర్చుని పసిగట్టే మనిషి ముందు ఇది! చెంప పగులుతుందనుకుంది.

ఏమీ కాలేదు. హోసియత్ అదే ముఖంతో, అదే శ్రద్ధతో, పుల్లని నుదుటి మీదకి, కనుబొమ్మకి వేలెడు పైకి తీసుకెళ్ళింది.

బర్నో నాలుక లోపలికి లాక్కోవడం కూడా మరిచిపోయింది. తర్వాత మెల్లగా కళ్ళు పెద్దవి చేసింది, బుగ్గలు ఊదింది. ఆవిడ చూపు తన చెవి పక్కనెక్కడో నిలబడి ఉంది. కళ్ళ మధ్య నల్లగుడ్డు మీద పల్చటి పాలమీగడ లాంటి పొర కనిపించింది. ఇన్నాళ్ళూ ఇంత దగ్గర కూర్చుని తను చూసింది పుల్లనే గానీ ఆ కళ్ళని కాదు.

ఆ రోజంతా షాపులో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అత్తగారు టీ పోసేటప్పుడు పియాలా అంచుకి వేలు తగిలించి పోయడం. ఉస్మా ఆకుని నలిపేముందు ఒక్కోదాన్నీ వాసన చూసి, పుదీనా వస్తే పారెయ్యడం. “నీ కళ్ళు చిన్నపిల్లవి, నువ్వెక్కించు” అని సూదీ దారం నఫీసాకి ఇవ్వడం. కోపం ఎక్కడికి పోయిందో గానీ, దాని చోట భయం వచ్చి కూర్చుంది. ఎల్లుండి ఈవిడ మునీసా ముఖం మీద పుల్ల పెడుతుంది. ఆ రంగు నాలుగైదు రోజులదాకా పోదు. పెళ్ళిపీట మీద, అత్తింటివాళ్ళు ముసుగెత్తి ముఖం చూసే వేళ, మునీసా నుదుటి మీద ఒక కనుబొమ్మ అనుమానిస్తూ ఉంటుంది. ఆ తర్వాత ఉస్మా ఖాలా చేతికి ఎవరూ పుల్ల ఇవ్వరు, వీధిలో ఆవిణ్ణి ఎవరూ ఆ పేరుతో పిలవరు.

ఎర్కిన్‌తో చెప్పింది. “మీ అమ్మకి కళ్ళు కనపడటం లేదు.”

ఎర్కిన్ లేచి వాకిట్లోకెళ్ళాడు. “అమ్మా, నీ కళ్ళు బాగున్నాయా?”

“బాగున్నాయి నాయనా.”

తిరిగొచ్చి కూర్చున్నాడు. “బాగున్నాయట.”

ఈ మనిషితో ఏం మాట్లాడాలి? బర్నో తనే వెళ్ళి, చేతులు తుడుచుకుంటూ, చాలా మర్యాదగా, “అత్తయ్యా, ఆసుపత్రిలో కళ్ళు ఊరికే చూసి పంపుతారు, పెళ్ళి హడావుడిలో పడకముందే ఒకసారి…” అంది.

“నా కళ్ళకేం? గింజలో మట్టి ఏరగలను. నీ మందుల షాపులో కూర్చుని నీకు అందరూ రోగుల్లా కనిపిస్తున్నారు. ముందు నువ్వు కదలకుండా కూర్చోవడం నేర్చుకో!”

కుమ్రీతో చెబుదామా? కుమ్రీ చెవిన వేస్తే పెళ్ళి పలావు ఉడికేలోపు ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే మునీసా ముఖం పోతుంది. చెబితే అత్తగారి ముఖం పోతుంది. అసలు ఈ మధ్యలో తన ముఖం ఎప్పుడో పోయింది, దాని గురించి అడిగేవాళ్ళే లేరు.

ఆ సాయంత్రం గొర్రె తోక కొవ్వు ముక్కలు కోస్తుంటే దారి దొరికింది. చేతికి కొవ్వంటింది. ఆ చేత్తోనే మర్నాటికని నానబెట్టిన ఉస్మా ఆకు తీసి పక్కన పెట్టింది. రసం కారింది గానీ కొవ్వున్న చోట చర్మానికి పట్టలేదు, ముత్యాల్లా జారిపోయింది. కొవ్వు లేని వేలి సందు మాత్రం పొద్దున్నకి నల్లబడింది. బర్నో ఆ వేలిని చాలాసేపు చూసుకుంది.

వేడుక రోజు అందరికన్నా ముందు కుమ్రీ ఇంటికెళ్ళి, మునీసాని వంటగదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది. కరిగించి తెచ్చిన కొవ్వుని అగ్గిపుల్లతో పెళ్ళికూతురి కనుబొమ్మల చుట్టూ, పైనా కిందా, ఎక్కడా సందు లేకుండా పూసింది. బొమ్మల వెంట్రుకల మీద మాత్రం ఒక చుక్క పడనివ్వలేదు. కలిసిన కనుబొమ్మలే ఆ ఊళ్ళో అందం కాబట్టి, రెండు బొమ్మలనీ కలిపే సన్నని దారి కూడా మధ్యలో వదిలింది.

“వదినా, కబాబు వాసన వస్తున్నాను,” అంది మునీసా.

“రానీ. నీ మొగుడికి ఆకలేస్తుంది.”

మునీసా బర్నో ఎడమ కనుబొమ్మని చూసింది. కాసేపు చూసి, గొంతు తగ్గించింది. “ఖాలాకి… కనపడటం లేదా?”

“నోరు మూసుకుని కూర్చో. కదలకు,” అంది బర్నో. అచ్చం అత్తగారి మాట.

ముందుగదిలో ఆడవాళ్ళంతా చేరారు. డోలక్ మోగింది. అట్లస్ పట్టు గౌన్లు, నిగనిగలాడే జడలు, వాటి అడుగున ప్రతి ఇంటి పెరుగు వాసనా కలిసి గది నిండిపోయింది. హోసియత్ వచ్చి మునీసా ఎదుట కూర్చుని, పియాలా బోర్లించి, ఆకు పిండింది. ఎడం చేత్తో గడ్డం పట్టుకుంది. కుడి బొటనవేలు కనుబొమ్మ పై అంచున పోనిచ్చింది.

వేలు జారింది.

హోసియత్ ఆగింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“ఏమైంది ఖాలా?” అంది కుమ్రీ.

“పిల్లకి చెమట పట్టింది,” అంది హోసియత్. “కిటికీ తియ్యండి.”

వేలు తుడుచుకోలేదు. పుల్ల రసంలో ముంచి దిద్దడం మొదలుపెట్టింది. ఎంత ధైర్యంగా దిద్దిందంటే, నుదురు సగం ఆకుపచ్చనైంది. రసం కొవ్వు మీద బొట్లు బొట్లుగా నిలబడి కణతల మీదకి కారింది. మొదట పాట ఆగింది, తర్వాత డోలక్ ఆగింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుమ్రీ నోటి మీద చెయ్యేసుకుని, బర్నో ముఖంలోకి చూసింది. ఆ వంకర బొమ్మ చూసి ఇంకా బెదిరిపోయింది.

“అయ్యో, నా బిడ్డ ముఖం…” అని కుమ్రీ అననే అంది.

“ఎండాలి కదా! కంగారెందుకు?” అని బర్నో గట్టిగా అరిచింది. “మీరు పాట ఆపారేం? పెళ్ళా, పరామర్శా?”

పాట మళ్ళీ మొదలైంది గానీ అందరి చూపూ పెళ్ళికూతురి నుదుటి మీదే. ఎండాక బర్నో దూదితో, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, పెళ్ళికూతురి నుదురు తనే తుడిచింది. కొవ్వుతో పాటు పచ్చదనమంతా దూదికి వచ్చేసింది. కింద రెండు కనుబొమ్మలు బయటపడ్డాయి. సన్నగా, నిండుగా, మధ్యలో కలిసి, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు.

కుమ్రీ ఏడుస్తూ నవ్వుతూ హోసియత్ చేతులు కళ్ళకద్దుకుంది. “ఖాలా చెయ్యి ఖాలా చెయ్యే!” అని ముసలమ్మలు మెచ్చుకున్నారు. హోసియత్ బింకంగా కూర్చుని టీ అడిగింది. పియాలా అంచుకి వేలు తగిలించి తనే పోసుకుంది.

ఇంటికి నడిచొస్తుంటే హోసియత్ కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు.

“తోక కొవ్వేనా?”

బర్నో చేతిని తలగుడ్డ కొసకి తుడుచుకుంది.

“నెయ్యి రాయాల్సింది. వాసన తక్కువ,” అంది హోసియత్. కొంచెం దూరం పోయాక, “రోజూ నీ ముఖం మీద దిద్దింది ఎందుకనుకున్నావు? నీ కనుబొమ్మలు అంత అందంగా ఉన్నాయనా? ఈ పెళ్ళికి చెయ్యి కుదురుతుందేమో అని.”

“మరి చెప్పొచ్చు కదా అత్తయ్యా! ఊరంతా నన్ను చూసి నవ్వింది. చెబితే నేను సాయం చెయ్యనా?”

“చెబితే జాలిపడతావు. జాలిపడేవాళ్ళు సరిగ్గా కూర్చోరు. నువ్వు కోపంగా కూర్చుంటావు, అది నాకు బాగుంది.”

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? బర్నో పళ్ళు కొరుక్కుంటూ గుంటలున్న చోటల్లా ఆవిణ్ణి పక్కకి నడిపించింది.

పెళ్ళి అయిన మర్నాడు, ఇక ఈ పీడ విరగడైందని బర్నో టీ తాగుతుంటే వాకిట్లోంచి పిలుపు వచ్చింది. “పిల్లా, ఆకు కోసుకురా!”

“ఎందుకు? పెళ్ళి అయిపోయింది కదా!”

“కుమ్రీకి రెండో కూతురుంది.”

బర్నో పియాలా బల్ల మీద ఠక్కున పెట్టింది. తలగుడ్డ ముందుకి లాక్కుని నుదురూ కనుబొమ్మలూ మూసేసి, అత్తగారి ఎదుట కూర్చుంది. “ఈ ముఖం ఇక ఊరికే దొరకదు. ముందు కళ్ళ ఆసుపత్రికి పదండి. ఆ పొర తీయించుకోండి. తర్వాత దీని మీద మీ ఇష్టం వచ్చింది దిద్దుకోండి, చెవుల దాకా దిద్దినా కిక్కురుమనను. అప్పటిదాకా ఆవు ముఖం మీద దిద్దుకోండి.”

పెళ్ళయిన నాటినుంచీ అత్తగారితో అంత పెద్ద గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. తిట్లకి సిద్ధపడింది. హోసియత్ చేతిలో ఖాళీ పియాలా తిప్పుతూ కూర్చుంది.

“కంటికి కత్తి పెడతారట,” అంది చివరికి. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

“పెడతారు.”

“కదిలితే?”

“కదలకుండా నేను పట్టుకుంటాను. బయటికి పొమ్మన్నా పోను.”

హోసియత్ పియాలా పక్కన పెట్టింది. “సరే. అయితే పెరుగు తే. తల ఇలా పెట్టుకుని డాక్టరు ముందుకెలా వెళ్తాను?”

ఆ పెరుగు రాత్రి కుడుములకని దాచింది. బర్నో ఆకాశం వంక చూసి, కుండ తెచ్చి, మొత్తం ముసలావిడ నెత్తిన బోర్లించింది. మాట్లాడకుండా రుద్దింది. పిల్లకాలువ గట్టున వంగోబెట్టి చెంబుతో నీళ్ళు పోసింది. తెల్లని నీళ్ళు ఉస్మా మడిలోకి పారాయి.

“ఎడమది ఎంత పైకి పోయేది?” అంది హోసియత్, తల వంచుకునే.

“వేలెడు.”

“రోజూనా?”

“రోజూ.”

నీళ్ళు కారుతున్న జుట్టులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, తడుముకుంటూ, బర్నో ముఖం దొరకబుచ్చుకుంది. బొటనవేలు ఎడమ కనుబొమ్మ మీద, నిజంగా అది ఉన్న చోట, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నడిచింది.

“నువ్వు కదల్లేదు,” అంది హోసియత్. “ఒక్కసారి కూడా కదల్లేదు.”